నీలగిరి రైలూ, మన చిన్న రైలూ

కృష్ణగిరి మన జిల్లా కేంద్రం. 2004లో ధర్మపురి నుంచి విడిపోయి జిల్లా అయింది. కలెక్టరాఫీసు ఉంది, డ్యాము ఉంది, ఎండాకాలం వస్తే మామిడి మండీల్లో కాలు పెట్టే చోటుండదు. చెన్నై నుంచి బెంగళూరు పోయే పెద్దరోడ్డు, సేలం నుంచి వచ్చే పెద్దరోడ్డు అక్కడే కలుస్తాయి. అన్నీ ఉన్న ఆ ఊళ్ళో రైలు స్టేషను మాత్రం లేదు.

జవళగిరిలో ఉండే మాకు ఇది ఎప్పుడూ వింతగా అనిపించలేదు. మాకు రైలంటే హోసూరు. తళి మీదుగా బస్సులో హోసూరు పోయి, అక్కడ ఎక్కాలి. కృష్ణగిరి వాళ్ళూ అంతే, హోసూరుకో ధర్మపురికో తిరుపత్తూరుకో పోయి ఎక్కుతారు. కొన్ని ఊళ్ళకు రైలు వస్తుంది, కొన్నింటికి రాదు, అంతే అనుకునేదాన్ని.

కానీ కృష్ణగిరికి రైలు వచ్చింది. 1905లో వచ్చింది, 1941లో పోయింది. ఈ సంగతి నాకు తెలిసింది మా బడి నుంచి నీలగిరి కొండ రైలు చూడడానికి పోయిన రోజున. అందుకే ఈ వ్యాసంలో ఆ రైలు గురించీ, మన రైలు గురించీ రెండూ కలిపి రాస్తున్నాను.

మా తొమ్మిదో తరగతి, పదో తరగతి కలిపి నలభై మందిమి పోయినాము. మేట్టుపాళయంలో కొండ రైలు పొద్దున 7 గంటల 10 నిమిషాలకు బయలుదేరుతుంది. దాన్ని అందుకోవాలంటే ముందురోజు రాత్రే బస్సెక్కాలి. మా ఊరి దగ్గర చీకటి పడినాక రోడ్డు మీదికి ఏనుగులు వస్తాయి కాబట్టి సాయంత్రం వెలుగుండగానే అడవి దాటేయాలని డ్రైవరన్న తొందర పెట్టినాడు. అమ్మలు కట్టిచ్చిన చిత్రాన్నం, రాగిరొట్టెలు హోసూరు దాటక ముందే సగం అయిపోయినాయి.

కృష్ణగిరి దగ్గరికి వచ్చేటప్పటికి రాత్రి తొమ్మిదైంది. పదో తరగతి అన్న ఒకడు కిటికీలోంచి ఊరి దీపాలు చూస్తా, "సార్, ఇంత ఊరికి రైలు ఏల రాలేదు?" అని అడిగినాడు. మా చరిత్ర సారు ముందు సీట్లో కూర్చోని ఉన్నారు. వెనక్కి తిరిగి, "రాకేమిరా, వచ్చిండాది. వచ్చి పోయిండాది" అన్నారు. మేము నవ్వినాము. సారు నవ్వలేదు. "రేపు చూసేది మీటరుగేజి రైలు. ఇక్కడ నడిచింది దానికంటే చిన్నది. రెండున్నర అడుగుల గేజి. రెండూ ఒకే కంపెనీ నడిపింది" అని చెప్పి, "ముందు అది చూడండి, తర్వాత ఇది చెప్తాను" అని పడుకున్నారు. సారు ఎప్పుడూ అంతే. సగం చెప్పి ఊరుకుంటారు, మిగతా సగం మేమే అడిగేదాకా.

తెల్లారి మేట్టుపాళయం స్టేషనులో దిగినాము. ఒక పక్క బ్రాడ్‌గేజి, ఇంకో పక్క మీటరుగేజి. రెండు పట్టాల మధ్య దూరం బ్రాడ్‌గేజిలో 1676 మిల్లీమీటర్లు, మీటరుగేజిలో పేరులో ఉన్నట్టే 1000 మిల్లీమీటర్లు. మన కృష్ణగిరి రైలుకు 762. పక్కపక్కన చూస్తే కొండ రైలు పెట్టెలు బొమ్మ పెట్టెల్లాగ ఉన్నాయి. వాటికి నీలం, మీగడ రంగు వేసినారు. ఇంజన్ కోసం అందరం ముందుకు పరిగెత్తినాము. ముందు ఇంజన్ లేదు! వెనక ఉంది. కొండ ఎక్కేటప్పుడు ఈ రైలును ఇంజన్ లాగదు, కింది నుంచి తోస్తుంది. ఏదన్నా కొక్కెం తెగినా పెట్టెలు కిందికి జారిపోకుండా ఇంజనే అడ్డం ఉంటుందని మాకు తర్వాత అర్థమైంది.

ఆ ఇంజన్ దగ్గర నిలబడితే మొదట తెలిసేది వేడి. తర్వాత వాసన, కాగిన నూనె, తడి ఇనుము కలిసిన వాసన. డీజిల్ ఇంజన్ ఒకే తీరుగా గుర్రుమంటుంది. ఇది అట్ల కాదు, ఊపిరి పీలుస్తా ఉన్నట్టు ఆగి ఆగి బుస కొడుతుంది. దీన్ని ఎక్స్ క్లాస్ ఇంజన్ అంటారు. స్విట్జర్లాండులోని వింటర్‌థూర్ అనే ఊళ్ళో 1914 నుంచి వీటిని తయారు చేసి పంపినారు. చివరి జట్టు 1952లో వచ్చింది. ఇంకా పాతబడిపోయినాక మన తమిళనాడులోనే, తిరుచ్చి పొన్మలై వర్క్‌షాపులో కొత్తవి కట్టినారు. మొదట్లో అన్నీ బొగ్గుతో నడిచేవి. మేము ఎక్కిన దాంట్లో నూనె మండిస్తారు.

ఈ ఇంజన్ గొప్పతనం కల్లారు దాటినాక తెలుస్తుంది. మేట్టుపాళయం నుంచి కల్లారు దాకా పోకతోటల మధ్య మామూలు రైలులాగే పోతుంది. అక్కడి నుంచి కూనూరు వరకు, 20 కిలోమీటర్ల లోపు దూరంలో, సుమారు 1300 మీటర్ల ఎత్తు ఎక్కాలి. కొన్ని చోట్ల పన్నెండున్నర మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు పైకి లేస్తుంది. ఆసియాలో ఇంత నిట్టనిలువు రైలుదారి ఇంకొకటి లేదని చెప్తారు. మామూలు రైలుచక్రం నున్నటి ఇనుము, పట్టా కూడా నున్నటి ఇనుము. అంత వాలులో చక్రం తిరుగుతుంది గానీ బండి కదలదు, వానలో బురద ఎక్కే బైకులాగ ఉన్నచోటే జారుతుంది.

అందుకని రెండు పట్టాల మధ్యన ఇంకొకటి వేసినారు. పళ్ళపట్టా అందాము. రెండు ఇనుప పలకలు పక్కపక్కనే, వాటి నిండా రంపం మాదిరి పళ్ళు. ఒక పలకలో పన్ను ఉన్నచోట రెండో పలకలో సందు ఉంటుంది. ఇంజన్ కింద ఉండే పళ్ళచక్రం ఈ పళ్ళల్లో ఇరుక్కోని ఎక్కుతుంది. ఎప్పుడూ ఏదో ఒక పన్ను పట్టుకొని ఉంటుంది కాబట్టి జారదు. ఈ ఏర్పాటును కనిపెట్టినది రోమన్ ఆబ్ట్ అనే స్విస్ ఇంజనీరు. ఎక్స్ క్లాస్ ఇంజన్‌కు నాలుగు సిలిండర్లు ఉంటాయి. రెండు మామూలు చక్రాలను తిప్పుతాయి, రెండు పళ్ళచక్రాలను తిప్పుతాయి. ఇంకో చమత్కారం ఏమంటే, మొదటి రెండు సిలిండర్లలో పని చేసి బయటికి వచ్చిన ఆవిరిని వదిలేయకుండా, దాన్నే పళ్ళచక్రాల సిలిండర్లలోకి పంపిస్తారు. ఒకే ఆవిరి రెండుసార్లు కష్టపడుతుంది. మా సైన్సు టీచరమ్మ ఇది చెప్పేటప్పుడు చాలా సంతోషంగా ఉన్నారు. పాఠంలో ఆవిరి పీడనం గురించి ఎన్నిసార్లు చెప్పినా మేము ఇంత శ్రద్ధగా వినలేదు మరి.

పళ్ళపట్టా మీదికి ఎక్కినాక రైలు వేగం గంటకు 13 కిలోమీటర్లు కూడా దాటదు. సైకిల్ ఇంతకంటే త్వరగా పోతుంది. ప్రతి పెట్టె ముందు చిన్న అరుగు మాదిరి ఉంటుంది. దానిమీద ఒక బ్రేకుమనిషి నిలబడి ఉంటాడు. చేతిలో పచ్చజెండా, ఎర్రజెండా. ఇంజన్ వెనకాల ఉంటుంది కాబట్టి డ్రైవరుకు ముందు దారి కనబడదు. అందుకే ముందు పెట్టె మీదున్న మనిషి దారి చూసి జెండా ఊపితే, ఆ వెనక పెట్టె మనిషి ఊపుతాడు, ఆయన్ను చూసి ఇంకొకరు. అట్ల జెండా మాట చేతులు మారి డ్రైవరు దాకా పోతుంది. వైర్‌లెస్ కాలంలో కూడా ఆ జెండాలు ఊగుతా ఉంటే చూడడం నాకు చాలా నచ్చింది.

మొత్తం 46 కిలోమీటర్ల దారిలో 16 సొరంగాలు, 250 వంతెనలు, 208 మలుపులు ఉన్నాయి. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలందరూ అరిచినారు, పదహారుసార్లూ అరిచినారు. టీచర్లు మొదటి రెండుసార్లే వద్దన్నారు. హిల్‌గ్రోవ్ స్టేషనులో ఇంజన్ నీళ్ళు తాగడానికి ఆగింది. మేము టీ తాగినాము. కోతులు మా దగ్గర మిగిలిన రాగిరొట్టెలు తీసుకున్నాయి, ఇచ్చినాము అనడం కంటే అదే నిజం. ఆ స్టేషన్ల పేర్లు చూడండి: అడర్లీ, హిల్‌గ్రోవ్, రన్నిమీడ్, వెల్లింగ్టన్, లవ్‌డేల్. మనదేశంలో, మన రాష్ట్రంలో ఉన్న ఊళ్ళేనా ఇవి అనిపిస్తుంది. ఎవరి కోసం ఈ రైలు వేసినారో ఆ పేర్లే చెప్తున్నాయి.

కూనూరులో రైలు చాలాసేపు ఆగింది. అక్కడ ఆవిరి ఇంజన్ తీసేసి డీజిల్ ఇంజన్ తగిలిస్తారు. ఆ సందులో సారు మమ్మల్ని ప్లాట్‌ఫారం మీద కూర్చోబెట్టి చరిత్ర మొదలుపెట్టినారు.

1820ల మొదట్లో కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ ఊటీలో ఇల్లు కట్టుకున్నాడు. తర్వాత ఒకరి వెంట ఒకరు దొరలు వచ్చినారు. మద్రాసు ఎండలు తట్టుకోలేక గవర్నరు, ఆయన ఆఫీసులు ఎండాకాలం ఊటీకి మారడం అలవాటైంది. మద్రాసు నుంచి మేట్టుపాళయం దాకా రైలు వచ్చినా, అక్కడి నుంచి కొండ మీదికి గుర్రబ్బండ్లే, ఎడ్లబండ్లే. కొండకు రైలు వేయాలని చాలా ఏళ్ళు మాటలు నడిచినాయి. 1891లో పని మొదలుపెట్టినారు. మొదటి కంపెనీ దివాలా తీసింది. ఇంకో కంపెనీ వచ్చి 1899లో కూనూరు దాకా పూర్తి చేసింది. నష్టమొచ్చినా వదల్లేదు, 1903లో ప్రభుత్వమే కొనేసింది. 1908లో ఊటీ దాకా పట్టాలు పోయినాయి.

"ఒక కంపెనీ మునిగినా ఇంకో కంపెనీని తెచ్చి, అదీ కాకపోతే సర్కారే కొని కట్టిందంటే ఆ రైలు ఎవరికి కావాలో వాళ్ళ చేతిలో అధికారం ఉండిందన్నమాట" అన్నారు సారు. తర్వాత, "ఇప్పుడు కృష్ణగిరి సంగతి" అన్నారు.

మద్రాసు నుంచి పడమటికి పోయే పెద్ద రైలుదారి 1860ల మొదట్లోనే సేలం మీదుగా వేసినారు. అది జోలార్‌పేట, తిరుపత్తూరు, మొరప్పూరు మీదుగా పోతుంది. 1864లో జోలార్‌పేట నుంచి బెంగళూరుకు ఒక కొమ్మ పోయింది. మ్యాపు తీసి చూస్తే, ఈ రెండు దారుల మధ్యన ఒక మూల మిగిలిపోతుంది. ఆ మూలలోనే కృష్ణగిరి, ధర్మపురి, రాయకోట, దెంకణికోట, హోసూరు అన్నీ ఉన్నాయి. అప్పుడు ఇవన్నీ సేలం జిల్లా.

ఆ తర్వాత 1876లో కరువొచ్చింది. పెద్దవాళ్ళు దాన్ని ధాత కరువు అంటారు, ధాత నామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి. రెండేళ్ళు వానల్లేవు. 1871 జనాభా లెక్కల్లో సేలం జిల్లాలో 19 లక్షలకు పైగా జనం ఉండినారు. పదేళ్ళ తర్వాత లెక్క పెడితే సుమారు 16 లక్షలు. పెరగాల్సిన జనం మూడు లక్షలకు పైగా తగ్గిపోయినారు. కొంతమంది ఊళ్ళు వదిలి పోయింటారు, కానీ చానామంది ఆకలికి, ఆ వెంట వచ్చిన జబ్బులకు చచ్చిపోయినారు. అదే కాలంలో కరువు పనుల కూలి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా అని తగ్గించినారు. ఒక పౌను అంటే అర కిలో కూడా లేదు. రిచర్డ్ టెంపుల్ అనే అధికారి చేసిన లెక్క అది. అందుకే దాన్ని టెంపుల్ కూలి అన్నారు. అరకిలో రాగులతో ఒక మనిషి రోజంతా రాళ్ళు కొట్టాలంటే ఎట్లుంటుందో మన ఊళ్ళో పొలం పని చేసే ఎవరినైనా అడగండి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. రైలుంటే కరువు రాదని కాదు. ఆ కరువులో రైలు ఉన్న ఊళ్ళల్లో కూడా జనం చచ్చినారు. ఎందుకంటే రైలు ధాన్యం తెస్తుంది, ఎక్కువ ధర పలికే చోటికి తీసుకొని కూడా పోతుంది. చేతిలో డబ్బు లేనివాడికి స్టేషనులో బస్తాలు కనబడినా తినేది లేదు. కానీ రైలు లేని ఊళ్ళకు ధాన్యం తేవాలంటే ఎడ్లబండ్లే దిక్కు. కరువులో ఎడ్లకు మేతా నీళ్ళూ లేవు. బండ్లే నడవలేదు. 1880లో కరువు కమిషను రిపోర్టు ఇచ్చి, కరువు ప్రాంతాలకు రైళ్ళు వేయమని గట్టిగా చెప్పింది. మన మూలకు రైలు వచ్చింది ఆ లెక్కలోనే. దొరలు చల్లగా ఉండాలని కాదు, మళ్ళీ కరువొస్తే తిండిగింజలు చేరాలని.

1905లో తిరుపత్తూరు నుంచి కృష్ణగిరికి, సుమారు 40 కిలోమీటర్లు. 1906లో మొరప్పూరు నుంచి ధర్మపురికి, సుమారు 30 కిలోమీటర్లు. ఈ రెండో లైన్నే పొడిగించుకుంటా వచ్చి 1913లో హోసూరు చేర్చినారు. అన్నీ రెండున్నర అడుగుల చిన్న గేజి. గేజి చిన్నదైతే వంతెనలు చిన్నవి, పట్టాలు తేలిక, ఖర్చు తక్కువ. కరువు నిధులతో వేసే రైలుకు అంతకంటే ఎక్కువ పెట్టరు కదా. 1908 నుంచి ఈ చిన్న లైన్లనూ, నీలగిరి లైనునూ నడిపింది ఒకటే, సౌత్ ఇండియన్ రైల్వే కంపెనీ. రాత్రి బస్సులో సారు చెప్పింది ఇదే. ఒకే కంపెనీ లెక్కల పుస్తకంలో ఒక పేజీలో ఊటీ, ఇంకో పేజీలో కృష్ణగిరి.

ఇరవై ముప్పై ఏళ్ళు బాగానే నడిచినాయి. 1930లు వచ్చేటప్పటికి మోటారు బస్సులు, లారీలు వచ్చినాయి. దేశమంతటా చిన్న లైన్లకు ఆదాయం పడిపోయింది. ఊరి మధ్యలో ఎక్కి ఊరి మధ్యలో దిగే బస్సు ఉంటే, చిన్నగా పోయే రైలు కోసం స్టేషను దాకా నడిచేదెవరు? అప్పుడే రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. యుద్ధానికి ఇనుము కావాలి, పట్టాలు కావాలి, ఇంజన్లు కావాలి. మనదేశంలో లాభం రాని కొమ్మ లైన్లు చాలా పీకేసి సామాను పశ్చిమాసియా లాంటి యుద్ధ ప్రాంతాలకు పంపినారు. మన లైన్లు 1941లో మూతబడినాయి. పట్టాలు లేపేసినారు. కృష్ణగిరిలో రైలు 36 ఏళ్ళు ఉండింది, హోసూరులో 28 ఏళ్ళు.

అదే యుద్ధంలో నీలగిరి పట్టాలు ఎందుకు పీకలేదు? మాలో చాలామందికి ఈ ప్రశ్న వచ్చింది. వెల్లింగ్టన్‌లో సైన్యం ఉంది. అరువంకాడులో తుపాకీ మందు తయారుచేసే కార్డైట్ ఫ్యాక్టరీ ఉంది, అది 1900ల మొదటి ఏళ్ళల్లోనే పెట్టింది. కొండంతా తేయాకు తోటలు. యుద్ధానికి ఆ రైలు కావాలి. మన చిన్న రైలు మోసేది చింతపండు, చెనిక్కాయలు, రాగులు, సంతకు పోయే మనుషులు. యుద్ధానికి మన రైలు కంటే దాని ఇనుమే ఎక్కువ పనికొచ్చింది.

మా క్లాసులో ఒకమ్మాయి దీనికి ఒప్పుకోలేదు. "నష్టంలో నడిచేదాన్ని ఎన్నాళ్ళు నడుపుతారు? ఊటీ రైలు కొండ ఎక్కుతుంది, చూడడానికి జనం వస్తారు. మన రైలు చూడడానికి ఎవరొస్తారు?" అనింది. అది కూడా నిజమే. కానీ నీలగిరి రైలు కూడా మొదట్లో ఒక కంపెనీని ముంచింది కదా. నష్టమొచ్చింది అనే మాట రెండుచోట్లా ఒకటే, దానికి చేసిన మందు మాత్రం వేరు. నాకు ఇంకో ఉదాహరణ కూడా దొరికింది. హిమాచల్ ప్రదేశ్‌లో కాంగ్రా లోయలో మన రైలు లాంటిదే, అదే రెండున్నర అడుగుల గేజి రైలు ఉంది. దాంట్లో ఒక భాగాన్ని కూడా 1942లో మూసి పట్టాలు లేపినారు. స్వాతంత్ర్యం వచ్చినాక 1954లో మళ్ళీ వేసినారు. ఇప్పటికీ ఆ లైను ఉంది. కృష్ణగిరిలో మళ్ళీ వేయలేదు.

హోసూరుకు మాత్రం మళ్ళీ వచ్చింది. 1960లలో సేలం నుంచి ధర్మపురి, హోసూరు మీదుగా బెంగళూరుకు మీటరుగేజి వేసినారు. 1990లలో దాన్ని బ్రాడ్‌గేజి చేసినారు. మా నాయన ఫ్యాక్టరీ పనికి హోసూరు పోతాడు. వాళ్ళ యూనిట్‌లో ధర్మపురి వైపు నుంచి రైల్లో వచ్చేవాళ్ళు ఉన్నారు, కృష్ణగిరి నుంచి వచ్చేవాళ్ళందరూ బస్సే. నూరేళ్ళ కిందట ఎక్కడ పట్టా వేసినారు, ఎక్కడ పీకినారు అన్నది ఈరోజు పొద్దున ఎవరు ఎన్ని గంటలకు లేవాలో కూడా చెప్తుంది.

కూనూరు నుంచి ఊటీ దారి గురించి ఎక్కువ రాయను. డీజిల్ ఇంజన్, పళ్ళపట్టా లేదు, సగంమంది నిద్రపోయినారు. కేట్టి స్టేషను వచ్చినప్పుడు టీచరమ్మలు ఇద్దరూ లేచి కిటికీల దగ్గరికి పోయినారు. వసంత కోకిల సినిమా చివరి సీను అక్కడే తీసినారంట. మేము ఆ సినిమా చూడలేదు. వాళ్ళిద్దరూ కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు కాబట్టి ఏడుపు సీనే అయ్యుంటుంది. మధ్యాహ్నం ఊటీలో దిగినాము. స్టేషను ఎత్తు సముద్రమట్టానికి 2200 మీటర్లకు పైనే. చలి. మా తళిని లిటిల్ ఇంగ్లండ్ అంటారు గదా అని గొప్పగా చెప్పుకొని స్వెట్టర్లు తేని వాళ్ళందరూ వణికినారు. స్టేషనులో 2005లో యునెస్కో ఈ రైలును ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన సంగతి రాసి ఉంది. అంతకు ముందు 1999లో డార్జిలింగ్ రైలు, తర్వాత 2008లో కల్కా–సిమ్లా రైలు చేరినాయి. మూడూ దొరలు చలికి పోయే ఊళ్ళే. కరువు కోసం వేసిన రైలు ఒక్కటి కూడా ఆ మూడింటిలో లేదు.

నీలగిరి రైలును కాపాడినందుకు నాకు సంతోషమే. ఆ ఇంజన్ను కడిగి, నూనె పోసి, పళ్ళు చెక్ చేసి నడిపే మనుషుల చేతులు చూసినాక, అది దొరల రైలు అని తీసిపారేయడానికి మనసు రాలేదు. ఈరోజు అది వాళ్ళది, ఆ బ్రేకుమనుషులది, మాలాంటి పిల్లలది. నా బాధ వేరు. నీలగిరి రైలు మీద పుస్తకాలున్నాయి, ఫోటోలున్నాయి, బోర్డులున్నాయి. మన రైలు నడిచిందని మన పిల్లలకే తెలీదు.

తిరిగి వచ్చినాక మా అవ్వను అడిగినాను. అవ్వ పుట్టేటప్పటికే రైలు పోయింది. కానీ హోసూరులో అవ్వవాళ్ళ పెద్దన్న ఉన్నాడు, తొంభై దాటినాడు. ఆదివారం నాయనతో పోయి కలిసినాను.

"తాతా, నువ్వు చిన్నరైలు ఎక్కినావా?"

"ఒక్కతూరి ఎక్కినా మ్మా. మా నాయన చింతపండు మూటలు ఏసుకొని పోతా నన్నూ ఎక్కిచ్చుకున్నాడు. పొగంతా కంట్లో పడి ఏడిస్తే ఒకటిచ్చినాడు."

"మళ్ళీ?"

"మళ్ళీ యాడ? పట్టాలు పీకేసినారు గదా. కూలోళ్ళు వచ్చి పీకుతా ఉంటే మేము పిల్లోళ్ళం చూస్తా నిలబడినాము. పెద్దోళ్ళు ఏమీ అనలేదు. బండ్లు మళ్ళా రోడ్డెక్కినాయి, అంతే."

స్టేషను ఎట్లుండేదని అడిగితే తాత చేతులతో గాలిలో చూపించినాడు, చిన్న పెంకుల కొట్టం, ముందర ఒక చింతమాను. టికెట్టు ఎంతని అడిగితే గుర్తు లేదన్నాడు. రైలు కూత ఎట్లుంటుందని అడిగితే మాత్రం రెండు అరచేతులు నోటికి పెట్టుకొని ఊదినాడు. లోపలినుంచి పిల్లలు ఏమైందో అని పరిగెత్తుకొని వచ్చినారు. నేను ఫోనులో రికార్డు చేసుకున్నాను. దాన్ని సారుకు వినిపిస్తే, బడి కంప్యూటర్లో పెట్టమన్నారు.

మొరప్పూరు–ధర్మపురి లైను బ్రాడ్‌గేజిగా మళ్ళీ వేయడానికి మంజూరైంది. జోలార్‌పేట నుంచి కృష్ణగిరి మీదుగా హోసూరుకు కొత్త లైను కావాలని మన జిల్లా వాళ్ళు చాలా కాలంగా అడుగుతా ఉన్నారు, సర్వేలు కూడా జరిగినాయి. ఆ రైలు వచ్చేసరికి మేము పెద్దవాళ్ళమైపోయి ఉంటామేమో. కానీ పాత రైలును చూసిన కళ్ళు అంతదాకా ఉండవు. 1941లో పదేళ్ళ పిల్లలుగా ఉన్నవాళ్ళు ఇప్పుడు తొంభై దాటినారు.

అందుకే మా తొమ్మిదో తరగతి పిల్లలం ఒక నోటుబుక్కు పెట్టినాము. ఈ పత్రిక చదివే అమ్మానాయనలకు, టీచర్లకు, మిగతా తెలుగు బడుల పిల్లలకు మా మనవి. హోసూరు, ధర్మపురి, కృష్ణగిరి, తిరుపత్తూరు వైపు మీ ఇళ్ళల్లో ఆ రైలు ఎక్కినవాళ్ళు, చూసినవాళ్ళు, కనీసం వాళ్ళ నాయన చెప్పగా విన్నవాళ్ళు ఉంటే అడగండి. స్టేషను ఎక్కడుండింది, ఏమి మోసేది, టికెట్టెంత, పట్టాలు పీకినప్పుడు మిగిలిన గట్టు ఇప్పుడు ఎవరి పొలంలో ఉంది, ఏది తెలిసినా ఒక కాగితం మీద రాసి మీ చరిత్ర సారు చేతికివ్వండి. తెలుగులో రాసినా, తమిళంలో రాసినా, కన్నడంలో రాసినా సరే. ఇప్పటికి మా నోటుబుక్కులో మూడు పేజీలు నిండినాయి. మొదటి పేజీలో తాత చెప్పిన చింతమాను ఉంది.